లాంతరు వెలుగులో నీలం చీర

నా చిన్నప్పుడు, డిసెంబరు పద్దెనిమిదో తారీకు శుక్రవారం, సాయంత్రం నాలుగు గంటలకు మా బాపు పెట్టె తెరిచి మా అవ్వ నీలం చీర బయటికి తీశాడు. కన్నతల్లిని అవ్వ అని, తండ్రిని బాపు అని పిలిచేవాళ్ళం. ఆమె ఆ ఏడు వానకాలంలో జ్వరంతో పోయింది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. బోధన్‌కు చెరకు బండ్లు పోయే దారి పక్కన మా ఇల్లు, దారికి అవతల మా ప్రార్థన మందిరం. అవ్వ ప్రతి ఆదివారం ఆ చీరే కట్టుకొని ఆ దారి దాటేది. ఎంత మందిలో ఉన్నా, ముఖం కన్నా ముందు ఆ నీలమే నా కంటపడేది.

బాపు ఆ చీరను పక్కింటి అక్క చేతిలో పెట్టాడు. ఆ అక్క పగలంతా బీడీలు చుట్టేది. ఏటా క్రిస్మస్ నాటకానికి వేషాలు, తెరలు చూసుకునే పని కూడా ఆమెదే. ఆమెకొక కట్టుబాటు ఉండేది. నాటకానికి బట్ట కొనగూడదు, ఊళ్ళో వాడుకలో ఉన్నదే అడిగి తేవాలి. గొల్లల ఇళ్ళ నుంచి నల్ల గొంగళ్ళు తెచ్చి వరుసగా వేలాడదీస్తే అది రాత్రి ఆకాశం. పెళ్ళి పందిట్లో కట్టే ఎర్రగుడ్డ రాజుకు. ఆ ఎరుపును చూడగానే చిన్నపిల్లలు కూడా భయపడాలి, అప్పుడే రాజు చెడ్డవాడని చెప్పకుండా తెలుస్తుంది అనేది. దేవదూతకు తెలుపు. బాలయేసు తల్లికి నీలం.

ఆ ఏడు దేవదూతను నేనే. తెల్లగౌను వేసుకోబోతున్నానని బడిలో చెప్పని పిల్ల లేదు. కానీ నా మనసంతా గౌను మీద లేదు. ఆ చీర మళ్ళీ ఒక్కసారి నడుస్తుంటే చూడాలి. అంతే నా కోరిక.

మర్నాడు మధ్యాహ్నం మందిరం తలుపులు మూసి, రెండు లాంతర్లు వెలిగించి, వేషాలు కట్టి చూశారు. తల్లి వేషం కంపౌండరు గారి అమ్మాయిది. ఆమె అవ్వ చీర కట్టుకొని గొంగళ్ళ ముందుకు వచ్చింది. లాంతరు పసుప్పచ్చటి వెలుగులో చీర నల్లబడిపోయింది. వెనక గొంగళ్ళేవో, ముందు చీరేదో తేడా తెలియలేదు.

"గిదేందే పిల్లా, తల్లేది?" అన్నాడు సంఘం పెద్దయ్య. "తలకాయ ఒక్కటే నడుస్తున్నది!"

అందరూ పడీపడీ నవ్వారు. ఈ చీర పనికిరాదు, పాలరంగుది ఏదన్నా తెమ్మని పెద్దయ్య చెప్పేశాడు. మా అవ్వ చీర నల్లది కాదని అరవాలనిపించింది, ఏడుపే వచ్చింది. అక్క నా దగ్గరికొచ్చి కూర్చుంది.

"ఏడ్వకు బిడ్డా. రంగు ఏడికి పోలే, గాడనే ఉన్నది. తోడు లేక కనవడ్తలేదు. జర ఆగు."

బయటికి పోయి, పోయిన పంటకు పసుపుకొమ్ములు ఆరబోసిన పాత దుప్పటి ఒకటి తెచ్చింది. దాన్ని నా భుజాల మీద కప్పి, తీసుకుపోయి ఆ అమ్మాయి పక్కన నిలబెట్టింది. తలుపు దగ్గర కూర్చున్నవాళ్ళు మెడలు చాపి చూశారు. నేను తల తిప్పి చూశాను. నా పసుపు పక్కన ఆ చీర నలుపులోంచి విడివడి మెల్లగా నీలమైంది.

పెద్దయ్య ఒప్పుకోలేదు. "పసుపుబట్టల దేవదూతనా? దర్శనం ఇయ్యనీకొచ్చిందా, పెండ్లికొచ్చిందా?"

"మంచి కబురు తెస్తున్నది గద పెద్దయ్యా," అంది అక్క. "నీ బిడ్డ పెండ్లిపత్రిక మూలలకు పసుపు పెట్టే పంచితివి. గప్పుడు తెల్లగ ఇచ్చినవా?"

పెద్దయ్య మీసం దువ్వుకొని నవ్వాడు. అక్క మాత్రం నవ్వలేదు, నా వైపు తిరిగింది. "నీ తెల్లగౌను పోతది మరి. నీ ఇష్టం బిడ్డా, నేనైతే బల్మి జెయ్య."

గౌను వద్దన్నాను. బడిలో పిల్లలు ఏమంటారో అప్పుడు గుర్తుకు రాలేదు. తరువాత వాళ్ళు అనవలసినవన్నీ అన్నారు.

పండుగనాడు సాయంత్రం ఏడు గంటలకు నాటకం. నా వేషానికి ఉన్నది ఒకే మాట, భయపడవద్దని ఆ తల్లికి చెప్పాలి. తల్లి వేషంలోని అమ్మాయి మోకాళ్ళ మీద కూర్చున్నప్పుడు చీర కొంగు నా చేతికి అందింది. అవ్వ పోయినప్పటి నుంచి మందిరం గడప తొక్కని బాపు వెనక గోడకు ఆనుకొని నిలబడి ఉన్నాడు. ఆయనకు నీలం కనబడుతున్నదా లేదా అన్నదే నా ధ్యాస. మాట మరిచిపోయాను. తెర వెనక నుంచి అక్క "చెప్పు బిడ్డా, చెప్పు" అంటుంటే తేరుకొని చెప్పాను. ఆ అమ్మాయి లేచి నడిచింది. చీర నీలంగానే నడిచింది. నడక మాత్రం అవ్వది కాదు. చీర వచ్చింది, అవ్వ రాలేదు. ఆ సంగతి నాకు నిజంగా తెలిసింది ఆ పూటే.

ఇంటికి పోయేటప్పుడు బాపు నా చెయ్యి పట్టుకొని, "మంచిగ కనవడ్డది" అన్నాడు.

పెద్దయ్యాక నిజామాబాద్‌లో ఆడపిల్లల బడిలో పంతులమ్మగా చేసిన కాలమంతా నాటకాల వేషాలు నేనే చూశాను. ఏ రంగు తెచ్చి చూపించినా, బాగుందని గానీ బాగాలేదని గానీ అనేదాన్ని కాదు. దీని పక్కన ఎవరు నిలబడతారని అడిగేదాన్ని. తరగతిలో ఏ పిల్లయినా కళ తప్పి కూర్చుంటే ఆమెను తిట్టకముందు అదే మాట నన్ను నేను అడిగేదాన్ని. అక్క దగ్గర నేర్చుకున్నది ఇంతే, ఇప్పటికీ నాతో ఉన్నది ఇదే.

అవ్వ ఫోటో ఇంట్లో ఒకటి ఉంది. అందులో ఆమె ఆ చీరే కట్టుకుంది. పాతకాలపు ఫోటో కాబట్టి చీర నల్లగా పడింది. మనవరాళ్ళు నల్లచీర అంటారు, కాదని చెబుతాను, సరే అంటారు.

చీర మడతల దగ్గర పిగిలిపోయింది. బాపు పోయాడు. అక్క పోయింది. కంపౌండరు గారి అమ్మాయి పోయినేడు పోయింది. ఆ నీలాన్ని చూసినవాళ్ళలో, నాకు తెలిసినంతవరకు, ఇప్పుడు మిగిలింది నేనొక్కదాన్నే.