మూల మడవని చీటీ

మా చిన్నప్పుడు... పాలు పోసే మనిషి వచ్చే వేళకి అవ్వ మంచం మీద లేచి కూర్చుని రేకు డబ్బా మూత తీసేది. ఆ చప్పుడుకే నాకు మెలకువ వచ్చేది.

బిస్కెట్ల డబ్బా అది. లోపల ప్రార్థన చీటీలు. పాత క్యాలెండర్ కాగితాలు, పెళ్లి పత్రికల వెనక వైపు... బెత్తెడు ముక్కలుగా కత్తిరించినవి. ఒక్కో చీటీ మీద ఒక పేరు, కింద వాళ్ల అవసరం. అవ్వ పైనున్న చీటీ తీసి, పేరు బయటికి చదివి, కళ్లు మూసుకుని ప్రార్థించి, అడుగున పెట్టేది. రోజుకు ఐదారు. కోరింది జరిగితే చీటీ మూల మడిచేది. మడిచిన చీటీ మళ్లీ పైకి వస్తే చదవకుండా దాటేసేది. పారేసేది మాత్రం కాదు.

కౌల్ బజార్‌లో మా సందంతటికీ ఆ డబ్బా సంగతి తెలుసు. మా చర్చి వాళ్లే కాదు, ఎదురింటి టైలర్ మస్తాన్ మామ కూడా వచ్చేవాడు.

"అవ్వా, నా బిడ్డకి కాన్పు దగ్గరికొచ్చాండాది. పేరు డబ్బాలో ఎయ్యి. మొగపిల్లోడు కావాలని రాయించు."

"ఏందప్పా నీ తొందర? తల్లీబిడ్డా బాగుండాలని రాయిస్తా. మిగతాది నువ్వే అడుక్కో పో."

రాసేది నేను. అవ్వకి చదవడం వచ్చు గానీ చెయ్యి వణికేది. మాది కన్నడ రాష్ట్రం, నాకు కాన్వెంటులో ఇంగ్లీషు, కన్నడే. తెలుగు రాత కుదిరింది ఆ చీటీల మీదే... బడిలో హాజరు పిలిస్తే పలకడానికి కూడా గొంతు రాని పిల్లకి అది సరిపోయే పని.

మూడో తరగతిలో అనుకుంటా, ఒకరోజు ఎవరూ చూడకుండా నా చీటీ నేనే రాసి పెట్టేశాను. 'సుహాసిని. అందరి ముందూ మాట్లాడటం రావాలి.'

కొన్నాళ్లకి అది పైకి వచ్చింది. అవ్వ చదివింది. నా వైపు చూడలేదు. ఎప్పటికంటే కాస్త ఎక్కువసేపు కళ్లు మూసుకుంది. ఆ సంగతి మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ఇప్పుడు నాది ఒక ఆఫీసులో పాత ఫైళ్లు స్కాన్ చేసే ఉద్యోగం. కాగితం పెట్టడం, తీయడం, కట్ట కట్టడం... ఆ కట్టలు తర్వాత ఎక్కడికి పోతాయో మేం అడగం. ఇంటికి వచ్చేసరికి కళ్లు మండుతుంటాయి.

చర్చి ప్రార్థనలు కూడా ఫోన్ గ్రూపులోకి వచ్చేశాయి. ఎవరిదో పేరు పడుతుంది. కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. నేనూ ఒకటి పెడతాను. మరునాడు ఎవరికి పెట్టానో గుర్తుండదు.

అవ్వకి రెండేళ్లుగా మతిమరుపు. ముందు వారాలు, తారీకులు మర్చిపోయింది. తర్వాత మనుషుల్ని. ఈ వానాకాలం నన్ను కూడా... ఆసుపత్రి నర్సు అనుకుని "సిస్టరమ్మా" అంటుంది. డబ్బాను మాత్రం మర్చిపోలేదు.

పగలంతా అవ్వను చూసుకునేది మా చిన్నమ్మ. ఆమె అలసట ఆమెది. మంచం మీద, నేల మీద అవ్వ పడేసే చీటీలు ఏరి ఏరి, పోయిన వారం అనేసింది.

"పేర్లన్నీ ఫోన్లో ఎక్కిచ్చినా కదమే. ఇంగా ఈ తుప్పు డబ్బా ఏంటికి? సగం మంది పోయినోళ్లే. నాకు బేజారైపోయింది. ఆదివారం పాత పేపర్ల ఆయప్పకి ఏసేస్తా."

వద్దు అనాలి. ఎప్పటిలాగే అనలేదు.

ఆదివారం పొద్దున చిన్నమ్మ సంచి పట్టుకుని గడప దగ్గర నిలబడింది. అవ్వ ఇంకా చీటీలు తీస్తోంది. ఒకటి తీసి, కళ్లకు దగ్గరగా పెట్టుకుని నెమ్మదిగా చదివింది.

"సుహాసిని... ఈ పిల్ల ఎవరు సిస్టరమ్మా? నీకు తెలుసునా?"

"తెలుసవ్వా."

"మూల మడవలేదే ఇంగా. మాటలొచ్చినాయా ఆ పిల్లకి?"

నేను చిన్నమ్మ వైపు చూశాను.

"ఇంకా రాలేదవ్వా."

"అయ్యో పాపం" అని అవ్వ కళ్లు మూసుకుంది. పక్కనే కూర్చున్న నన్ను ఎరగదు. నా పేరు పట్టుకుని మాత్రం దేవుణ్ణి చాలాసేపు అడిగింది.

అవ్వ కళ్లు తెరిచేలోపు అన్నాను. "డబ్బా ఇక్కడే ఉండనీ చిన్నమ్మా. చీటీలు నేనే ఏరతాను." గొంతు వచ్చింది.

చిన్నమ్మ "నోరుండాదే నీకు!" అని సంచి మడిచి చంకన పెట్టుకుంది.

అవ్వ ఆ చీటీని అడుగున పెట్టింది. లెక్క ప్రకారం నేను దాని మూల మడవాలి... మడవలేదు. మడిస్తే అవ్వ ఇక నా పేరు చదవదు.

ఫోనులో నా పేరు ఎన్ని చోట్ల ఉందో నాకే తెలియదు. దాన్ని ఒకరు చేత్తో పట్టుకుని, పెదాలు కదిపి చదివే చోటు మాత్రం ఆ తుప్పు డబ్బా ఒక్కటే మిగిలింది... మీ పేరున్న కాగితం ఎవరి దగ్గరుంది? గుర్తొస్తే ఇక్కడ రెండు ముక్కలు రాయండి.