నా రూంల పడుకోడు సార్

దయ్యాలను నేను ఎప్పుడూ నమ్మలేదు. ఇప్పుడూ నమ్మను. ఫిజిక్స్ చదివినవాణ్ణి. హాస్టల్లో ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే ముందు ఆటపట్టించేది నేనే. ఇది తొంభైల్లో, క్యాంపస్‌లో ఉన్నప్పటి సంగతి.

యాదగిరి మా పక్క ఊరివాడు. హాస్టల్ సీటు రాక నా రూంలో నాన్‌బోర్డర్‌గా ఉండేవాడు. అంటే లెక్కలో లేని మనిషి. రాత్రి నా మంచం పక్కన చాప, పొద్దున ఆ చాప మంచం కిందికి. వార్డెన్‌కు తెలిస్తే నా సీటు పోతుంది.

వాడు రోజూ తలనొప్పితోనే లేచేవాడు. తువ్వాలు తలకు బిగించి కట్టుకుని గోడకు ఆనుకునేవాడు. పగలంతా పుస్తకం మీద కునికిపాట్లు. గ్రూప్స్ పరీక్ష చూస్తే దగ్గర పడుతోంది. "సదువు ఎగ్గొట్టే నొప్పి రా ఇది" అని ఎగతాళి చేసేవాణ్ణి. వాడి గురక మధ్యలో ఆగిపోయేది. కాసేపటికి ఉలిక్కిపడినట్టు ఊపిరి పీల్చేవాడు. అది చాలాసార్లు విన్నాను. విని, చెవుల్లో దూది పెట్టుకుని పడుకున్నాను.

చివరికి నేనే క్యాంపస్ దవాఖానకు తీసుకెళ్లాను. నర్సు వాణ్ణి బి.పి. చూడటానికి లోపలికి పిలిచింది. డాక్టర్ నన్నడిగాడు. "పొద్దున్నే తలనొప్పి అంటే నిద్ర సంగతి తెలియాలి. నిద్రలో ఊపిరి ఆగుతోందా? నువ్వు చూశావా?"

"నా రూంల పడుకోడు సార్. సీతాఫల్‌మండిల ఉంటడు" అన్నాను. ఆయన నొప్పి మాత్రలు రాసిచ్చాడు.

వారం తర్వాత ఒక మధ్యాహ్నం. యాదగిరి తార్నాకలో రీడింగ్ రూంకు వెళ్లాడు. నేను గడియ పెట్టుకుని మంచం మీద ఉన్నాను, మెలకువగానే. బయట ఎవరో బట్టలు ఉతుకుతున్న చప్పుడు వినబడుతోంది. మంచం కింద నుంచి గురక మొదలైంది. వాడి గురకే. ఉన్నట్టుండి ఆగింది. ఎంతసేపు చూసినా మళ్లీ రాలేదు.

వంగి, చుట్టిన చాపలోని దిండును పట్టి ఊపాను. "యాదగిరీ, లేరా" అని అరిచాను. దిండు చెమటతో తడిగా ఉంది. టైం రెండుంబావు.

సాయంత్రం వాడు తల పట్టుకుని వచ్చాడు. బల్ల మీద తల పెట్టి నిద్రపోయాడట. "ఊపిరాడలే రా. నువ్వొచ్చి ఊపినవ్, లేరా అన్నవ్. లేసి చూస్తే లేవు. చెప్పకుంట ఎందుకు పోయినవ్?"

ఎప్పుడని అడిగాను. రెండుంబావు అన్నాడు.

మర్నాడు ఒక్కణ్ణే డాక్టర్ దగ్గరికి వెళ్లి నిజం చెప్పాను. ఆయన పెద్దాసుపత్రికి చీటీ రాశాడు. నా సీటు గురించి అడగనే లేదు. నిద్రలో ఊపిరికి అడ్డుపడుతున్న టాన్సిల్స్ తీశాక యాదగిరి తలనొప్పులు తగ్గాయి.

ఇప్పటికీ పెళ్లిళ్లలో కనిపిస్తే, "నన్ను బతికిచ్చింది వీడే" అని అందరికీ చెబుతాడు. సిగ్గుతో చచ్చిపోతాను. ఆ రోజు తార్నాకకు రాలేదని ఎన్నిసార్లు చెప్పినా నవ్వేస్తాడు. ఆ గురక ఎక్కడిదో, వాణ్ణి ఎవరు లేపారో నాకీరోజుకీ తెలియదు. అది ఎవరికైనా చెప్పగలను. వాడు లోపల బి.పి. చూపించుకుంటున్నప్పుడు నేనన్న మాట మాత్రం వాడికి ఇంతవరకు చెప్పలేదు.