సిస్టర్ హీటరూ, నా రొట్టెల పొయ్యీ

ఒమాన్ అంటే ఎండలే అనుకునేవాళ్లు ఇది విని నన్ను కోతలరాయుడంటారు. అననివ్వండి. డెబ్బైల్లో ఒక చలికాలం, జబల్ అఖ్దర్ కొండల మీద ఒక మంచి మనిషిని నా చేతులారా గజగజ వణికించాను. అదీ సాయం చేద్దామని వెళ్లి!

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. కరీంనగర్ వైపు నుంచి వచ్చిన మేస్త్రీని. కొండమీద మా కంపెనీ కడుతున్న చిన్న ఆస్పత్రే నా సైట్. అక్కడ తెలుగు మాట్లాడేది ఇద్దరమే: నేనూ, కాకినాడ నుంచి వచ్చి మా క్యాంపులో మందులిచ్చే నర్సు సుగుణమ్మ సిస్టరూ. ఆమె గదిలో కిరసనాయిలు స్టవ్వు చలికి చాలేది కాదు.

"ఇలాగే ఉంటే కిందకి బదిలీ అడిగేస్తానయ్యా పోశెట్టీ" అంది ఒకరోజు. ఆమె పోతే తెలుగులో గొప్పలు ఎవరికి చెప్పుకోవాలి?

ఇంజనీరు దొర సెలవు మీద వాళ్ల దేశం పోయాడు. ఆయన గదిలో కరెంటు హీటరు ఊరికే పడి ఉంది. పగలంతా జనరేటరు బలమంతా కాంక్రీటు మిక్సరుకే సరి. రాత్రి దానికి పని తక్కువ. ఆ కరెంటుతో హీటరు రాత్రంతా వేడిని దాచుకుని, పగలు కొంచెం కొంచెంగా వదులుతుందని ఎలక్ట్రీషియన్ ఖాన్ సాబ్ చెప్పాడు. దాన్ని సిస్టర్ గదికి మోసుకొస్తే తాను బిగిస్తానన్నాడు.

మోయబోతే కదిలితే ఒట్టు! మూత విప్పి చూశాను. లోపలంతా ఇటుకలు. ఒక్కోటి మా ఊరి ఇటుకలు రెండింటి బరువుంది. డబ్బా పడిపోకుండా బరువుకి పెట్టారని వెంటనే తేల్చేశాను. ఇటుకల సంగతి మేస్త్రీకి ఇంకొకరు చెప్పాలా? అన్నీ తీసేసి, మూత బిగించి, డబ్బాను భుజాన వేసుకుని నడిచాను.

"అమ్మో, అంత బరువు ఒక్కడివే మోసేశావా!" అంది సిస్టర్.

"గిదేం బరువక్కా! మేస్త్రీ భుజం గిది."

మంచి ఇటుకను చూసి వదిలే మేస్త్రీని మీరెక్కడైనా చూశారా? వాటితో వంటగదిలో జొన్నరొట్టెల పొయ్యి కట్టాను. పొద్దున రొట్టెలు కాల్చి, వెల్లుల్లి కారం వేయించి మంట ఆర్పితే సాయంత్రం దాకా వెచ్చగా ఉండేది. సైట్ సైటంతా దాని చుట్టూ చేరి మెచ్చుకునేది. "అంతా మట్టి కలపుడుల ఉంటది" అని మీసం తిప్పేవాణ్ణి.

నాలుగోనాడు సిస్టర్ స్వెటరు మీద స్వెటరు వేసుకుని వంటగదికొచ్చింది. పొయ్యి మీద చేతులు కాచుకుంటూ అంది:

"తెల్లారి స్విచ్ కట్టేయగానే చల్లారిపోతోందయ్యా ఆ హీటరు. నీ పొయ్యి నయం. బదిలీ కాగితం రాసేశాను."

"ఖాన్ సాబ్‌కు పని రాదక్కా. వైరు తప్పు బిగించిండు" అన్నాను.

ఆ మాట ఖాన్ సాబ్ చెవిన పడింది. మండిపడుతూ వెళ్లి హీటరు విప్పాడు. మరు నిమిషంలో వంటగదిలో ఉన్నాడు.

"ఈంటే కహా గయీ?"

"ఏ ఇటుకలు?" అన్నాను.

సిస్టర్ పొయ్యి వైపు చూసింది. ఖాన్ సాబ్ కూడా పొయ్యి వైపే చూశాడు. నేను మాత్రం పైకప్పు వైపు చూశాను.

"గధే! వేడిని పట్టి ఉంచేవే ఆ ఇటుకలు!" అని ఆయన హిందీలో అరుస్తుంటే సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె అన్ని రోజులు వణికింది నా తెలివి వల్లేనా! నా పొయ్యిని నేనే కూల్చి, ఒక్కో ఇటుకా కడిగి, ఎండబెట్టి, మళ్లీ హీటరులో పేర్చాను.

రెండు రోజుల తర్వాత సిస్టర్ ఒక్క స్వెటరుతో కనబడింది.

"గది వెచ్చగా ఉందయ్యా. కానీ హీటరు వేడెక్కితే చాలు, వెల్లుల్లి కారం, రొట్టెల వాసన! పొద్దున్నే ఆకలి చంపేస్తోంది. బదిలీ కాగితం చించేశాను గానీ, రోజూ నాకు నాలుగు రొట్టెలు పంపాలి."

పొయ్యి లేదు కదా! ఆ చలికాలమంతా ఆరుబయట, గాలిలో, మూడు రాళ్ల మీద ఆమెకు రొట్టెలు కాల్చాను. వణుకు వంతు నాకొచ్చింది.

అప్పుడే తాపీ మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను: ఏ డబ్బాలో ఇటుకలు కనబడినా, ఎందుకున్నాయో అడగనిదే ముట్టుకోను. ఈనాటికీ ఆ మాట తప్పలేదు. మళ్లీ ఏ డబ్బాలోనూ నాకు ఇటుకలు కనబడలేదనుకోండి.