సిమెంటు రేకుకు వేలాడిన మేస్త్రి

అరకులో గిరిజన బాలికల హాస్టలుకు నేను వార్డెనుగా ఉన్నప్పుడు, స్నానాల గది రాతిగోడ వానాకాలమంతా చెమ్మ కక్కి, అతికించిన టైల్స్‌ను రాల్చేసేది. ఒకటి ఓ పిల్ల పాదం మీద పడి కోసింది కూడా. బాగుచేయడానికి పార్వతీపురం నుంచి ఒక ముసలి తాపీమేస్త్రి వచ్చాడు. గోడకు కన్నాలు పొడిచి, కర్రముక్కలు దిగ్గొట్టి, వాటిలోకి మరలు బిగించి చదునైన సిమెంటు రేకులు నిలబెట్టాడు. టైల్స్ ఇక వాటి మీదే అతికించాలట. బిగించిన ప్రతి రేకునూ పై అంచు పట్టుకుని, కాళ్లు ముడుచుకుని, గబ్బిలంలా వేలాడి చూసేవాడు.

మర్నాడు ఆఫీసరుగారి తనిఖీ అనగా, ఆఖరి రేకు అతని బరువుకు వెంట్రుకవాసి కదిలింది. వెంటనే దాని మరలన్నీ విప్పడం మొదలుపెట్టాడు.

"నీకేమైనా పిచ్చా మేస్త్రీ? టైల్స్ వేసెయ్. రేపాయన చూసేది వాటినే!" అన్నాను.

"ఆయన సూసేసి ఎల్లిపోతాడమ్మా. నీల్లోసుకునేది ఈ గుంటపిల్లలు కదేటి?"

"నా ఉద్యోగం పోతే నువ్విస్తావా?"

"సిమెంటు కలిపే పనిత్తాను. సేత్తావేటి?"

నాకు నవ్వే ఓపిక కూడా లేదు. సాయంత్రం దాకా పోట్లాడాను. అతను నా తిట్లు వింటూనే కొత్త కన్నాలు పొడిచాడు.

మర్నాడు ఆఫీసరుగారు బోసిగా ఉన్న రేకులు చూసి, సంజాయిషీ అడుగుతూ నాకు మెమో ఇచ్చారు. తప్పు మేస్త్రిదని రాసిస్తే అతన్ని పంపేసి ఇంకొకణ్ణి పెడతామన్నారు.

ఆఖరి రేకు విప్పించింది నేనేనని జవాబు రాశాను.