పెద్దబాపు నడక

నా చిన్నప్పుడు, తొంభైల్లో, మా ఊళ్లో ఎవరి నడకనైనా రెండు రోజులు చూస్తే చాలు, అచ్చంగా దించేసేదాన్ని. బాన్సువాడ పక్కనే మా ఊరు. పదేళ్ల వయసులో నా ఆటకు బాగా దొరికిన మనిషి మా పెద్దబాపు, అంటే మా నాన్నకు అన్న.

ఆయన వరి పండించే రైతు. చుక్క కల్లు కూడా ముట్టడు. ఆ ఏడు, నడుస్తుంటే ఆయన కుడిచెయ్యి ఊగడం మానేసింది. అడుగులు చిన్నవయ్యాయి. నవ్వొచ్చే మాటకు కూడా ముఖం కదిలేది కాదు. అవన్నీ నేను చేసి చూపిస్తే పిల్లలు పడీపడీ నవ్వేవాళ్లు. ఆయనకు వాసన తెలియడం లేదని కనిపెట్టిందీ నేనే. ఒకరోజు పాడైపోయి కంపు కొడుతున్న మజ్జిగ చెంబు నిండా ఇచ్చాను. గటగటా తాగి, "మంచిగున్నది బిడ్డా" అన్నాడు. తలుపు వెనక మేమంతా నోళ్లు మూసుకుని నవ్వాం.

పెద్దవాళ్లు మాకంటే మంచివాళ్లేం కాదు. ఆయన చెయ్యి వణకడం మొదలయ్యాక, చాటుగా తాగుతున్నాడని ఊరంతా తేల్చేసింది. పెద్దమ్మ కూడా నమ్మి, ఆయన మంచాన్ని పశువుల కొట్టంలో వేయించింది. మా మేనత్త కూతురి పెళ్లిలో ఆయన చేతిలోని అక్షింతలు వణికి నేలపాలయ్యాయి. "పొద్దుగాలనే తాగొచ్చిండు" అన్నారెవరో. మా నాన్న వెంటనే లేచి, "ఇజ్జత్ తీస్తుండు" అంటూ ఆయన్ను రెక్క పట్టుకుని పందిట్లోంచి బయటికి లాక్కెళ్లాడు. పెద్దబాపు ఏదో అనబోయాడు. అప్పటికే ఆయన గొంతు సన్నబడిపోయింది. ఎవరికీ వినిపించలేదు.

ఆ సాయంత్రం చుట్టాల పిల్లల ముందు ఆ సంగతంతా ఆడి చూపిస్తున్నాను. ఉన్నట్టుండి నవ్వులు ఆగిపోయాయి. తిరిగి చూస్తే పెద్దబాపు. కొడతాడనుకున్నాను.

"నేను గిట్లనే నడుస్తున్ననా?" అని మెల్లగా అడిగాడు.

తలూపాను.

"ఇంకోసారి చెయ్యి. మంచిగ చూస్త."

చేశాను. ఈసారి ఎవరూ నవ్వలేదు.

రెండు రోజుల తర్వాత నన్నొక్కదాన్నే వెంటబెట్టుకుని నిజామాబాద్ బస్సెక్కాడు. అక్కడి నరాల డాక్టరు ఎప్పటినుంచి ఇలా ఉందని అడిగితే, "గీ పోరికి ఎరుక సార్, చేసి చూపెడ్తది" అన్నాడు. ఆ గదిలో చెయ్యి ఊపకుండా అటూ ఇటూ నడిచాను. ముఖం బిగించి చూపించాను. మజ్జిగ సంగతి కూడా ఏడుస్తూ చెప్పేశాను. డాక్టరు ఆయన చేత పిడికిలి మూయించి తెరిపించాడు, ఒక వాక్యం రాయించాడు. అక్షరాలు పోనుపోనూ చిన్నవైపోయాయి. ఇది తాగుడు కాదు, పార్కిన్సన్స్ అనే మెదడు జబ్బు, గోళీలతో అదుపులో ఉంటుంది గానీ పోదు అన్నాడు.

బస్టాండులో ఆయన కాళ్లు పట్టుకుని మాఫీ చేయమన్నాను.

"నవ్వినవని ఫికర్ లేదు బిడ్డా. ఏడాదిసంది అందరికి చూపెట్టినవ్. నాకొక్కనికే చూపెట్టలే" అన్నాడు. ఆయన ముఖంలో కోపం ఉందో బాధ ఉందో తెలియలేదు. ఆ ముఖంలో ఇక ఏదీ కనిపించేది కాదు.

గోళీలు కొన్నేళ్లు ఆయన్ను నడిపించాయి. పెద్దమ్మ మంచాన్ని మళ్లీ ఇంట్లో వేయించింది. మా నాన్న మాత్రం సంగతి తెలిశాక కూడా, పెళ్లిళ్లకు రావొద్దనే చెప్పేవాడు.

ఆయన పోయిన చాలా ఏళ్లకు పత్రికలో చదివాను. వణుకు కంటే ఏళ్ల ముందే వాసన తెలియకుండా పోవచ్చట. జబ్బును అప్పుడే పట్టుకునే దారి కోసం పరిశోధకులు వెతుకుతున్నారట. పొలాల్లో కొట్టే కొన్ని పురుగుమందుల మీదా వాళ్లకు అనుమానం ఉందట. ఆ పేజీని కత్తిరించి దాచుకున్నాను.

ఇప్పుడు ఎవరిలోనైనా అలాంటి తేడా కనిపిస్తే, పక్కకు పిలిచి ముందు వాళ్లకే చెబుతాను. కొందరు తిట్టారు. మా వీధిలో ఒకామె నా ముఖం మీదే తలుపు వేసింది. మర్నాడు వెళ్లి మళ్లీ తట్టాను.