తోపులో ఆ అడుగులు నావి

పద్నాలుగేళ్లుగా ఒక మాట నోట్లో పెట్టుకుని తిరుగుతున్నాను. మింగలేదు, ఉమ్మలేదు. నువ్వెవరో నాకు తెలియదు, అందుకే నీకు చెబుతున్నాను. మా ఊరివాళ్లలో ఒకరివైతే ఈ కాగితాన్ని పొయ్యిలో పెట్టేదాన్ని.

ముందే ఒక సంగతి. నేను ఏడుస్తూ రాయడం లేదు. బామ్ని వాగు ఒడ్డున నాకు సొంత మద్ది తోపు ఉంది. మట్టిగోడల ఇల్లు ఉంది. ఆ గోడలకు మట్టి తొక్కింది నేనే. ఈ అక్షరాలు కూడా ముప్పై దాటాక ఇసుకలో వేలు అరగదీసుకుని నేర్చుకున్నవే. ఇందులో ఏదీ ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. మళ్లీ పుట్టినా ఇలాగే బతుకుతాను. ఒక్క మాట మాత్రం మార్చి చెబుతాను.

సిరోంచ నిజాం చేతిలోంచి ఇంగ్లీషు దొరల చేతికి వచ్చిన కొత్త అది. మా అత్తవారు ఎండాకాలం ప్రాణహితలో చేపలు పట్టేవారు, వానాకాలం మద్దిచెట్ల మీద దసలి పట్టు పురుగులు పెంచేవారు. పురుగు చెట్టు మీద ఉన్న నలభై రోజులూ తోపంటే గుడే. మగవాళ్లు అక్కడే గుడిసె వేసుకుని ఉంటారు. గడ్డం గీయరు, మాంసం ముట్టరు, ఒంటిపూట తింటారు, భార్య ముఖం చూడరు. ఆడది తోపులో అడుగు పెడితే సరేసరి, ఆమె నీడ పడినా పురుగు చస్తుందని నమ్మకం.

నాకు ఇరవై రెండేళ్లకే మొగుడు పోయాడు. జ్వరం. ఏడాది తిరగకుండానే ఆయన అన్న, మా బావ, నాకు మారుమనువు కుదిర్చాడు. పెళ్లికొడుకుది మా నాన్న వయసు. నోట్లో పళ్లకంటే ఇంట్లో పిల్లలు ఎక్కువ. పురుగులు గూళ్లు కట్టి, ఆ పట్టుకాయలు చేతికి వచ్చాక పంపేస్తామన్నారు. నన్ను ఎవరూ అడగలేదు. మేకను అడిగి అమ్ముతారా? నేనూ ఎవరినీ అడగదలచుకోలేదు. సిరోంచలో కాయలు తీసుకునే సాహెబు ఒకాయన ఉండేవాడు. కాయ మంచిదైతే చాలు, ఎవరు తెచ్చారని ఆయన చూడడని విన్నాను. నా పంట నా చేతిలో ఉంటే నన్ను ఎవరి ఇంటికీ తోలలేరు. దానికి కావలసింది పురుగులు.

వానలు పడగానే బామ్నిలో మా అన్న ఇంటికి చేను పనికి పోతున్నానని చెప్పి బయలుదేరాను. పోతూ దారి మళ్లాను. మిట్టమధ్యాహ్నం, మగవాళ్లు వాగులో స్నానానికి దిగిన వేళ, బావ తోపులోకి నడిచాను. అప్పుడే గుడ్డులోంచి వచ్చిన పురుగులు, చీమకంటే కాస్త పెద్దవి, ఆకు దొన్నెల్లో పాకుతున్నాయి. రెండు దొన్నెలు తీసుకున్నాను. భయం వేసిందా? వేసింది. దేవుడికి కాదు, బావకు.

అన్న అల్లపల్లి వైపు టేకు కొట్టడానికి పోయి ఉన్నాడు. వదిన నేను చేనుకు కాపలా కాస్తున్నాననుకుంది. వాగు ఒడ్డున ఏడు లేత మద్దిచెట్లు చూసుకున్నాను. కాకులను తోలాను. చీమలు ఎక్కకుండా మొదళ్లకు బూడిద పోశాను. ఆకు అయిపోతే పురుగులున్న కొమ్మను కోసి పక్క చెట్టుకు కట్టాను. ముట్టు రోజుల్లో కూడా చెట్టు వదల్లేదు. కాకులు తిన్నవి తిన్నాయి, అబద్ధం ఎందుకు. కానీ నా చెయ్యి తగిలి చచ్చింది ఒక్కటీ లేదు. పచ్చగా, వేలంత లావుగా పెరిగాయి. వాటిని చూస్తుంటే నవ్వు ఆగేది కాదు. ఇన్ని తరాల మగవాళ్లకు తెలియనిది నాకు తెలిసింది.

బావ తోపులో మరోలా జరిగింది. ఆ ఏడు ముసురు విడవలేదు. ముసలి చెట్ల మీద కిక్కిరిసిన పురుగులు నల్లబడి, తలకిందులుగా వేలాడి చచ్చాయి. మొదట్లోనే బురదలో ఆడమనిషి అడుగులు చూశానన్నాడు బావ. ఎవరివి? నేను బామ్నిలో ఉన్నాను. ఇంట్లో ఉన్న ఆడమనిషి ఆయన భార్య ఒక్కతే. నేను ఆమెను అక్క అనేదాన్ని. నా మొగుడు పోయినప్పుడు మూడు రోజులు నా నోట్లో గంజి పోసింది ఆమే. కులపెద్దలు కూర్చున్నారు. అక్కను పుట్టింటికి పొమ్మన్నారు.

ఆమె పుట్టిల్లు బామ్ని దాటి పైన ఎక్కడో. మూట నెత్తిన పెట్టుకుని వస్తుంటే దూరం నుంచే చూశాను. నా చెట్లు కనబడకుండా దారికి ఎదురెళ్లాను.

"ఏందక్క, గిట్ల ఒక్కదానివే వస్తున్నవ్?" అన్నాను, ఏమీ తెలియనట్టు.

జరిగింది చెప్పింది. ఏడవలేదు. మూట దించకుండానే అడిగింది. "చెల్లె, ఒక్క మాట నిజం చెప్పు. ఆడిదాని నీడ పడితె పురుగులు నిజంగ సస్తయా?"

నా వెనక, రాయి విసిరితే తగిలేంత దూరంలో, ఏడు చెట్ల మీద పురుగులు కాయలు కడుతున్నాయి. చావవు అంటే చాలు. చెయ్యి పట్టుకుని తీసుకుపోయి చూపిస్తే ఇంకా మేలు. కానీ చావవంటే నీకెలా తెలుసంటుంది, చూపిస్తే ఆ కాయలు బావవి అవుతాయి. నేను ఆ ముసలాడి ఇంటికి పోతాను.

"సస్తయట అక్క," అన్నాను. "పెద్దోళ్లు ఊకె అంటరా?"

తల ఊపింది. "గట్లనా. అయితె తప్పు నాదే కావచ్చు. అంబలి ఇద్దామని గట్టు దాక పోయిన. లోపలికి పోలె. కని గప్పుడు నా నీడ లోపల పడ్డదేమో. నేను సూస్కోలె."

మూట సర్దుకుని పోయింది.

ఎన్నిసార్లు తిరగేసుకున్నానో. తోపులో అడుగు పెట్టడం తప్పా? కాదు. దొన్నెలు తీసుకోవడం? చచ్చిపోయిన నా మొగుడి వంతు అనుకున్నాను, ఇప్పటికీ అదే అంటాను. అడుగులు నావని ఒప్పుకోకపోవడం పిరికితనం, సరే. కానీ ఆ దారి మీద నేను చేసింది వేరు. ఊరంతా తప్పు చేశావన్నా, చేయలేదని తెలిసిన మనిషి ఆమె. ఆ ఒక్కటీ ఆమె దగ్గర మిగిలి ఉంటే, దాన్ని కూడా నా నోటితో తీసేసుకున్నాను. నా బతుకు నేను కట్టుకోవాలనుకున్నాను. దానికి ఆమె నమ్మకం కూడా కావలసి వచ్చిందా?

కాయలు సిరోంచకు పోయాయి. అడవిలో ఏరినవన్నాను, సాహెబు మారు మాట్లాడలేదు. మారుమనువు వద్దని బావ ముఖం మీదే చెప్పాను. బావ మరొకతెను తెచ్చుకున్నాడు. ఇప్పుడు నా తోపులో ఆరుగురు ఆడవాళ్లు పురుగులు పెంచుతున్నారు. ఆడదాని చెయ్యి పురుగుకు మంచిదని వాళ్లకు నేర్పింది నేనే, ఆ మాట ఎక్కడైనా ఛాతీ విరుచుకుని చెబుతాను. ఎప్పుడు మొదలుపెట్టావని ఎవరైనా అడిగితే మాత్రం రెండేళ్లు తగ్గించి చెబుతాను. ఆ ముసురు ఏడు పేరెత్తను.

పోయిన వానాకాలం అక్క చనిపోయింది. వాళ్ల ఊరివాళ్లు సంతలో చెప్పారు. చివరిదాకా, దారిలో మద్దిచెట్టు కనబడితే ఎండ ఏ వైపు ఉందో చూసి, తన నీడ దాని మీద పడకుండా చుట్టు తిరిగి పోయేదట. నవ్వుతూ చెప్పారు. నేనూ వాళ్లతో పాటు నవ్వాను.

క్షమించాల్సిన మనిషి లేదు కాబట్టి ఎవరినీ అడగడం లేదు. ఆ రోజు పురుగులు నా వెనకే ఉన్నాయి, బతికే ఉన్నాయి. అది నాకు తెలుసు, ఆమెకు చెప్పలేదు. ఇంతవరకు రాసేసరికి చెయ్యి లాగుతోంది. ఊపిరి మాత్రం చాలా ఏళ్ల తర్వాత కాస్త బాగా ఆడుతోంది.