గీత దాటిన వేలు

చింతామణి ఊళ్ళో బొమ్మలు గీసే పాపన్నకు ఒకటే జబ్బు. ఎవరు ఏ బొమ్మ అడిగినా అందులో చెడుగుడు దూరేది.

గానుగ మునినారాయణ తన నూనె అంగడి గోడ మీద గజలక్ష్మిని గీయమన్నాడు. లక్ష్మి చక్కగా కుదిరింది. ఏనుగులు మాత్రం నీళ్ళు పోయడం మానేసి, మోకాళ్ళు వంచి, ఒకదాని కాలు ఒకటి పట్టడానికి కాచుకుని ఉన్నాయి. సుబ్బలక్ష్మమ్మ కూతురి పెళ్ళికి గోడ మీద పట్టాభిషేకం గీస్తే, ఆంజనేయుడు రాముడి పాదాల దగ్గర కూర్చోకుండా బోర్లా పడి, చెయ్యి చాచి, వేలితో ఒక గీతను అందుకుంటున్నాడు. అంతెందుకు, అంబాజీదుర్గం కొండను గీసినా నాలుగు బండలు చేరి అయిదో బండను పట్టేసినట్టే ఉండేది.

ప్రతి బొమ్మలోనూ ఆ గీత ఉండాల్సిందే. వేలు దాన్ని గోరంత దాటి ఉండాల్సిందే.

"యాలప్పా ఇట్ల చేస్తావు?" అని అడిగితే, "కొండ మనది, కోట మనది, ఆట మనది. ఇవి లేని బొమ్మకు ఊపిరి యాడిదప్పా?" అనేవాడు.

ఊళ్ళో ఇంకో బొమ్మలవాడు లేక, అటువంటివాడికి నాటకం తెర అప్పగించాల్సి వచ్చింది మునివెంకటప్పకు. బియ్యం మండీ యజమాని ఆయన. ఊరివాళ్ళను కూడగట్టి పాలెగాళ్ళ నాటకం ఆడించాలని రెండేళ్ళుగా తహతహ. పాలెగాడు తానే. ఆరంభించడానికి మిడిల్ స్కూలు హెడ్మేష్ట్రు రామచంద్రప్ప వస్తానన్నారు. మెడలో ఈల లేకుండా ఆయన్ను ఇంట్లోవాళ్ళు కూడా చూసి ఎరగరు. నవ్వగా అసలే చూడలేదు. ఆయన ముందు తెర నవ్వులపాలైతే మునివెంకటప్ప మళ్ళీ మండీలో తలెత్తుకుని కూర్చోలేడు.

"పాపన్నా, నందికొండ, కోట, ముట్టడి. అంతే. చెడుగుడు వద్దు."

"వద్దంటే వద్దులేప్పా."

"గీత?"

"కోటకు గోడ ఉండాది గదా, గీత యాల?"

"వేలు?"

"సిపాయిలకు వేళ్ళు లేకుండా గీయమంటావా?"

ఆ మాట దగ్గరే మునివెంకటప్పకు అనుమానం రావాల్సింది. రాలేదు.

నాటకం రోజు మధ్యాహ్నం మూడింటికే ఊరంతా చాపలు పరుచుకుంది. తెర దించే తాడును పాపన్న లక్ష్మణప్ప చేతికిచ్చాడు. ఈ లక్ష్మణప్ప ఒకప్పుడు చింతామణి చెడుగుడు జట్టులో కూతకు పోయేవాడు. అయిదేళ్ళ కిందట మురుగమల్లలో చిక్కబళ్ళాపురం జట్టుతో ఆట. ఆరుగురు మీద పడ్డారు, కాలు విరిగింది. వేలు నడిమి గీతను అందలేదన్నారు, చింతామణి ఓడిపోయింది. ఊరి పరువు తీశాడని అందరూ అంటుంటే అతను ఇల్లు కదలడం మానేశాడు. "తాడు లాగేదానికి చేతులు చాలు, కాలితో పనేముండాది?" అని పాపన్న ఇంటికి పోయి, చేతికర్రతో సహా పట్టుకొచ్చాడు.

తెర దిగింది. మేఘాల్లో నందికొండ కనిపించింది. దాని కింద కోట బురుజులు. సగం అంటించిన మీసంతో మునివెంకటప్ప ఊపిరి పీల్చుకున్నాడు. తెర ఇంకా దిగింది. సిపాయిలు బల్లేలు ఒక పక్కన కుప్ప పోశారు. ఆరుగురు ఒకడి కాలు మీద పడి ఉన్నారు. వాడు బోర్లా పడి చెయ్యి చాచాడు. కోట వాకిట్లో సున్నపు గీత. వేలు గోరంత అవతల.

జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. మునివెంకటప్ప మీసం ఊడి కింద పడింది.

"రేయ్, ఆ మొగము మన లక్ష్మణప్పది గదరా," అన్నాడు ఎవరో. నవ్వు ఠక్కున ఆగిపోయింది.

హెడ్మేష్ట్రు లేచారు. ఆనాడు మురుగమల్లలో ఈల ఊదింది ఆయనే. తెర దగ్గరికి పోయి, కళ్ళద్దాలు తుడుచుకుని, ఆ వేలును చాలాసేపు చూశారు.

"దాటిందంటావా, పాపన్నా?"

"నేను గీత పక్కనే కూర్చోనుంటి మేష్ట్రే. గోరు దాటినాకనే కూత ఆపినాడు. నోటితో చెప్తే ఎవురూ వినలా. నాకు వచ్చేది బొమ్మ. అందుకే అయిదేండ్లుగా గోడల మింద చెప్తా ఉండాను."

మేష్ట్రు జనం వైపు తిరిగారు. "ఆ పొద్దు దుమ్ము లేచి నాకు కనపడలా. కనపడలేదని చెప్పుకోను సిగ్గయి ఊదేసినా." మెడలోని ఈల తీసి గట్టిగా ఊదారు. "పట్టినోళ్ళు ఆరుమందీ ఔట్. ఆట చింతామణిది."

చాపలు గాల్లోకి లేచాయి. "అయిదేండ్ల తరవాతనా?" అని చిక్కబళ్ళాపురం నుంచి వచ్చిన చుట్టమొకడు గొణిగాడు గానీ వినేవాడు లేడు. లక్ష్మణప్పను భుజాలకెత్తుకుని మూడు వీధులు తిప్పారు. పైన అతను చేతికర్రను బల్లెంలా ఊపుతూనే ఉన్నాడు.

నాటకం గంట ఆలస్యంగా మొదలైంది. పాలెగాడు నోరు తెరిచినప్పుడల్లా, "నువ్వు పక్కకు జరుగప్పా, తెర కనపడలా," అని అరిచారు.

వారం తర్వాత పాపన్న మండీ గోడ మీద అన్నపూర్ణను గీశాడు. అమ్మవారు, గరిటె, గిన్నె. ఇంకేమీ లేదు. మునివెంకటప్ప గోడంతా వెతికాడు.

"యాడప్పా చెడుగుడు?"

"దాని పని అయిపోయింది గదప్పా."

"నీకు అయిపోయిందేమో, నాకు కాలా. నన్నూ గోడ మింద ఆడించు."

పాపన్న వెనక్కి జరిగి ఆయన పొట్టను ఒక కన్ను మూసి కొలిచాడు.

"పట్టేటోళ్ళలో వేస్తా. కూతకొచ్చినోడి కాళ్ళ మింద కూర్చో. ఒగడు గూడా గీత దాటడు."

మునివెంకటప్ప పంచె ఎగగట్టి, నడివీధిలో మోకాళ్ళు వంచి నిలబడ్డాడు.